నీరు పైకెక్కే వేళ

రెండో జాము రాత్రి. నూజివీడు తోటలో నులకమంచం మీద కునుకుకూ మెలకువకూ మధ్య నేను. చిన్నరసాలు పిందె కట్టే కాలం. త్రీఫేజు కరెంటు కోసం చెట్లూ నేనూ కలిసి చేసే జాగారం. అదిగో, స్టార్టరు డబ్బా టక్కుమంది! వందల అడుగుల లోతున, చీకటి నీళ్ళ గర్భగుడిలో, కంటికి కనబడని మోటారు కళ్ళు తెరిచింది. గొట్టం గాలి వదిలింది, దగ్గింది, గుటకలు వేసింది. ఆపైన గలగలా, జలజలా, ధారలు ధారలుగా ఎర్రమట్టి మీదికి దూకింది. ఆ తొలి తడి వాసనలో నువ్వు నా పక్కకు వచ్చి కూర్చుంటావు, దొరస్వామి నాయుడుగారూ!

నువ్వు అన్నానని కోపగించకు. ఆగిరిపల్లి కొండమీది శోభనాచలుణ్ణయినా మా వాళ్ళు నువ్వనే పిలుస్తారు. మరీ దగ్గరివాళ్ళకు మీరు అనే మాట పైపంచెలా అడ్డుపడుతుంది.

1893 మార్చి 23న, కోయంబత్తూరు చెంత కలంగల్లులో, తెలుగు మాట్లాడే రైతు ఇంట కన్ను తెరిచావు. చుట్టూ తమిళం, చూరుకింద తెలుగు. బడి నిన్ను పట్టలేకపోయింది, నువ్వు బడిలో ఇమడలేకపోయావు. ఒకనాడు ఎవరో దొర రడ్జి మోటారు సైకిలెక్కి మీ పల్లెకు వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, అయినా పరుగు! ఆ పరుగు నీ రొమ్ములో చొరబడింది. దాని కోసం హోటల్లో పలహారాలు మోశావు, కాసుకు కాసు కూడబెట్టావు, కడకు కొన్నావు. కొని ఊరేగలేదు, విప్పావు. మర మర విప్పి, గుడ్డమీద పరిచి, తుడిచి, తడిమి, తలచి, తిరిగి బిగించావు. ఇసుకలో వేలితో అఆలు దిద్దుకునే పసివాడిలా ఇనుములో దిద్దుకున్నావు. నీ అక్షరాభ్యాసం అదే!

1920లో పొల్లాచ్చి, పళనిల మధ్య ఒక్క బస్సు నడిపావు. ఒకటి పదై, పదులు వందలై దారులన్నీ నీవయ్యాయి. అయినా నేను చేతులు జోడించేది 1937కు. ఆ ఏడే బాలసుందరం నాయుడు తోడుగా ఈ దేశపు చేతులతో ఈ దేశపు విద్యుత్ మోటారుకు ప్రాణం పోశావు. ఎంత వింత వస్తువయ్యా అది! చుట్టూ రాగి తీగల చుట్టలు, నడుమ ఇనుప గుండె, రెంటికీ మధ్య పలచని ఎడం. ఒకదాన్నొకటి తాకవు. తాకకుండానే తీగలో కరెంటు అయస్కాంతమై చుట్టూ తిరుగుతుంది, దాని వెంట గుండె తిరుగుతుంది. ముట్టుకోని ప్రేమకు ఇంతకన్నా చక్కని రూపం నేను చూడలేదు.

మోటారు కాలిన ఏడు వైండింగు షాపు ముందు బల్లమీద కూర్చుని చూశాను. మీసాలైనా రాని కుర్రాడు ఎర్రటి రాగితీగను చుట్టు మీద చుట్టు, చుట్టు మీద చుట్టు, జడ అల్లినట్టు, జపమాల తిప్పినట్టు చుడుతున్నాడు. వాడికి నీ పేరు తెలియదు. వాడి వేళ్ళకు తెలుసు.

నీ బుద్ధికి కుదురెక్కడిది! బ్యాటరీతో నడిచే బుల్లి మోటారును గుప్పెట్లో దాచుకున్న రసాంత్ రేజరు నీది, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను నీది, మోసానికి లొంగని ఓట్ల యంత్రం నీది. 1941లో డెబ్బై రూపాయలకే అయిదు వాల్వుల రేడియో చేసిస్తానన్నావు. 1952లో రెండు వేలకే ఇద్దరెక్కే కారు చేసి చూపావు. అనుమతి రాలేదు, కారు రోడ్డెక్కలేదు. ఆ మాట తలచినప్పుడల్లా నాకు ఈదురుగాలికి రాలిన కాయలు కళ్ళబడతాయి. 1945లో కోయంబత్తూరులో పాలిటెక్నిక్ పెట్టి, ఇంజనీరు కావడానికి నాలుగేళ్ళెందుకు, రెండేళ్ళు చాలునన్నావు. రడ్జిని విప్పిన చేతులు కదా, వాటికి ఆ మాట అనే హక్కుంది.

నీ కోయంబత్తూరు దేశానికే పంపుసెట్ల ఊరయింది. అక్కడి మోటార్లు లారీలెక్కి మా ఎర్రనేలకు వచ్చాయి, బోరుల్లోకి దిగాయి, పాతాళగంగను పైకి పిలిచాయి. ఇదిగో, పాదు నిండింది; పక్క పాదుకు గండి కొట్టాను. పెద్దరసం తాగింది, బంగినపల్లి తాగింది, నిరుడు నాటిన అంటుమొక్క చప్పరించి చప్పరించి తాగింది. మే నెలలో ఏ పసివాడి మోచేతి వెంట రసం కారుతుందో, ఆ రసంలో ఈ రాత్రి నీళ్ళున్నాయి, ఈ నీళ్ళలో నీ చేతి తిరుగుడుంది.

పిందెల నెలలో పుట్టినవాడివి, 1974 జనవరి 4న వెళ్ళిపోయావు. ఆ రోజులకు మా తోటల్లో పూత మొదలవుతుంది.