గొంతుకూ తీగకూ ఒకే పాఠం

కోలారు జిల్లాలో సంగీతం నేర్పడమంటే మూడు భాషల మధ్య పని. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు చాలా ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడం. రాబర్ట్‌సన్‌పేట, ఛాంపియన్ రీఫ్స్ లాంటి బంగారు గనుల పేటల్లో తమిళం ఎక్కువ. గనులు 2001లో మూతపడ్డా, వాటి కోసం తరలివచ్చిన కుటుంబాలెన్నో అక్కడే స్థిరపడిపోయాయి. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు కట్టిన ప్రాంతం ఇది. 2007లో చిక్కబళ్లాపురం వేరు జిల్లా అయ్యేదాకా కైవారం కూడా కోలారు జిల్లాలోదే.

కర్ణాటకలో సంగీతం చదువుకునేవాళ్లు జూనియర్, సీనియర్, విద్వత్ పరీక్షలు మెట్టుమెట్టుగా రాస్తారు. గాత్రానికి వేరు, వీణ, వయొలిన్ వంటి వాద్యాలకు వేరు. రేపు పాఠం చెప్పబోయేవాళ్లకు ఈ రెండూ కొంతైనా కలవాలని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్పడానికి పెద్ద కృతులేమీ అక్కర్లేదు, మొదటి రోజు పాఠం చాలు.

సరళీస్వరాలు మాయామాళవగౌళలో మొదలవుతాయి. 72 మేళకర్తల్లో అది 15వది. పిల్లలకు మొదటి పాఠం ఈ రాగంలోనే చెప్పాలన్న పద్ధతి పురందరదాసు పెట్టిందని సంప్రదాయం చెబుతుంది. పాడేవాళ్లకు ఇది సులువైన రాగమేమీ కాదు. షడ్జమాన్ని ఆనుకునే శుద్ధ రిషభం, అక్కణ్ణుంచి అంతర గాంధారానికి పెద్ద అంగ. పసిగొంతు రిషభాన్ని కాస్త పైకి లాగుతుంది, గాంధారం అందక కిందే ఆగుతుంది. మరి ఇంత ఇబ్బంది పెట్టే రాగాన్ని మొదట్లోనే ఎందుకు పెట్టినట్టు?

వీణ ముందు కూర్చుంటే సంగతి కళ్లకు కనిపిస్తుంది. వీణకు 24 మెట్లు, స్థాయికి 12. సారణి తీగను వట్టిగా మీటితే షడ్జమం. ఒకటో మెట్టు రిషభం, నాలుగోది గాంధారం, అయిదోది మధ్యమం. ఏడో మెట్టు పంచమం, ఎనిమిది ధైవతం, పదకొండు నిషాదం, పన్నెండు పై షడ్జమం. లెక్క చూడండి: ఒక మెట్టు, మూడు మెట్లు, మళ్లీ ఒక మెట్టు. పంచమం నుంచి కూడా అచ్చం అదే. కింది సగం, పై సగం ఒకే అచ్చులో పోసినవి.

వయొలిన్ మీద ఇది ఇంకా ముచ్చటగా ఉంటుంది. మన శ్రుతిలో తీగలు షడ్జమ పంచమాలకే కడతాం కదా. షడ్జమం తీగ మీద మూడు వేళ్లతో రి గ మ పలికించిన పిల్ల, పక్కనున్న పంచమం తీగ మీద అవే వేళ్లు అదే ఎడంతో పెడితే ద ని స పలుకుతాయి. చేతికి ఒక్క పాఠమే, చెవికి రెండు సార్లు. రిషభంలో జరిగిన తప్పు ధైవతంలో మళ్లీ దొరికిపోతుంది. దిద్దడానికి గురువుకు రెండో అవకాశం వస్తుంది. ఎంత ముందుచూపున్న కట్టడం!

తర్వాతి పాఠాల్లోనూ ఈ నేర్పే ఉంది. జంటస్వరాల్లో రెండో స్వరాన్ని నొక్కి పలకాలి. వీణ మీద దాన్ని కింది స్వరాన్ని తాకి స్ఫురితంగా పలికిస్తారు. అది వేలితో చేసి చూసిన గురువు గొంతుకు ఎక్కడ ఊనిక కావాలో తేలిగ్గా చెప్పగలుగుతారు. అలంకారాల్లో ధ్రువతాళం 14 అక్షరాల నుంచి ఏకతాళం 4 అక్షరాల దాకా సప్తతాళాలూ చేతికి పడతాయి. ఆపైన మలహరి గీతాలు. మలహరి మాయామాళవగౌళ పిల్లే: నిషాదం ఉండదు, గాంధారం దిగేటప్పుడే. తెలిసిన మెట్ల మీదే కొన్ని వదిలేస్తూ నడవడం, అంతే. సాధన చేసింది ఏదీ వృథా పోదు.

వర్ణం దగ్గర మాత్రం తూకం గొంతు వైపు మొగ్గుతుంది. మాటలు తక్కువ, అచ్చుల సాగతీత ఎక్కువ. ఊపిరి ఎక్కడ తీయాలో వాద్యం నేర్పదు, పాడితేనే తెలుస్తుంది. అందుకే వాయించేవాళ్లు పాడి తీరాలి. ఇక్కడే భాష కూడా అడ్డొస్తుంది. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం, త, దలకూ అంతే. గనుల పేటల పిల్లలు తెలుగు సాహిత్యాన్ని ఆ లిపిలో రాసుకుంటే పలుకు మారిపోతుంది. గురువు నోటితో పలికి వినిపించడమే దానికి మందు.

గాత్రం, వాద్యం రెండూ ఒకే కప్పు కింద నడిచిన చోటు తెలుగువాళ్లకు ఎప్పటినుంచో ఉంది: 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాల. తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు హరికథకులు, గాయకులు. వయొలిన్ ఆచార్యులుగా చేరిన ద్వారం వెంకటస్వామినాయుడు 1936లో అధ్యక్షులయ్యారు. ఆయన 1893లో పుట్టింది కోలారుకు పొరుగునే ఉన్న బెంగళూరులో. ఘంటసాల గాత్రం నేర్చుకున్నది ఈ కళాశాలలోనే.

కోలారు జిల్లాలో గాత్ర పరీక్షలకు తయారవుతూ రేపు పాఠం చెప్పాలనుకునే వాళ్లను ఒకటి అడుగుతున్నాను. వీణ ఉన్న ఇంటికి వెళ్లి, ఆ ఏడు మెట్లూ మీ వేలితో ఒకసారి నొక్కి చూడండి. వాద్యం నేర్చేవాళ్లు మీరు వాయించే ప్రతి వర్ణాన్నీ ముందు పాడండి.