పువ్వుల ముమ్మడి భూదానం

చారిత్రక నవల అంటే నిజంగా గడిచిన కాలాన్నీ, ఆ కాలపు మనుషులనూ ఆధారంగా తీసుకొని కల్పనతో నడిపే కథ. గతవైభవం మీది మమకారమే రచయిత చేత ఆ పని చేయిస్తుందని విమర్శకులు తరచుగా అంటారు గాని, ఆ మాట పాఠకుడికి నప్పినంతగా రచయితకు నప్పదు. రచయితను అటువైపు లాగేది చాలాసార్లు ఏదో ఒక ఆధారం సగం చెప్పి ఊరుకున్న సంగతి.

నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన శిలాశాసనమే అందుకు తార్కాణం. శాసనాలలో ఎక్కువ భాగం దాన పత్రాలు. ఎవరు, ఎప్పుడు, ఏ దేవుడికి, ఎవరి పుణ్యం కోసం ఏమిచ్చారో చెప్పడమే వాటి పని. 1289 నవంబరు నాటి ఈ శాసనం ప్రకారం, శివలోకం చేరిన కాకతి రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడు. రుద్రమ 1295 దాకా పాలించిందని అంతకుముందు అనుకున్న చరిత్రకారులు, రాణీ సేనానీ ఒకేసారి కన్నుమూశారంటే అది యుద్ధంలోనే అయి ఉంటుందనీ, ఆ యుద్ధం తిరుగుబాటు చేసిన కాయస్థ అంబదేవుడితోనే జరిగి ఉంటుందనీ ఊహించారు. రాయి మాత్రం యుద్ధం ఊసే ఎత్తలేదు. చరిత్రకారుడు ‘అయి ఉంటుంది’ అని ఆగవలసిన ఆ చోటు నుంచే నవలాకారుడికి పని మొదలవుతుంది. నిజానికి రాణి కంటే ముమ్మడే మంచి కథానాయకుడు, ఎందుకంటే యజమానినీ ఏలికనూ ఒక్కసారే పోగొట్టుకొని తాను బతికి ఉన్నవాడు ఏ మనసుతో పొలం ధారపోశాడో ఏ శాసనమూ చెప్పదు.

అడివి బాపిరాజు ఈ కిటుకు ఎరిగినవాడు. శాసనాల్లో కొద్దిపాటి ప్రస్తావనే ఉన్న గోన గన్నారెడ్డిని తన నవలకు ఎంచుకొని, గజదొంగగా పేరు మోసి చాటుగా రుద్రమకు అండగా నిలిచే వీరుడిగా మలిచాడు. రుద్రమనే నాయికగా పెట్టుకొని ఉంటే ప్రతి పుటలోనూ చరిత్ర చేయి పట్టుకొని ఆపేది. తర్వాత వచ్చిన నవలల్లో చాలా వాటికి ఆ తెలివి లేక, అవి బిరుదుల జాబితాలుగా మిగిలాయి.

స్వేచ్ఛకు హద్దులు లేకపోలేదు. కాలవిరుద్ధత, అంటే ఒక కాలానికి చెందని వస్తువును ఆ కాలంలో పెట్టడం, చిన్న తప్పుగా కనిపించినా కథ మీద నమ్మకాన్ని పోగొడుతుంది. మిరపకాయ పోర్చుగీసువారి రాకతో ఈ దేశానికి చేరింది గనుక, రుద్రమ కాలపు ఓరుగల్లు వంటింట్లో కారానికి మిరియాలే వాడాలి. అయితే ఆధారంలోని పొరపాటు వేరు, అది రచయితకు పెన్నిధి. మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్ని వర్ణిస్తూ, గణపతిదేవుడి కూతురైన రుద్రమను చనిపోయిన రాజుకు భార్యగా చెప్పాడు. పైగా అతడు ఈ తీరాల మీదుగా వెళ్లినట్టు చెప్పే 1290ల తొలినాళ్లకు, చందుపట్ల లెక్కన ఆమె అప్పటికే లేదు. చరిత్రకారుడు ఆ మాటలను పక్కన పెట్టవచ్చు గాని, నవలాకారుడు వాటిని మోటుపల్లి రేవులో ఓ దుబాసీ నోట, పరదేశి వర్తకుడికి రాణి ఇంకా ఏలుతూనే ఉందని చెబుతున్నట్టుగా, హాయిగా పలికించవచ్చు.