స్ట్రవిన్‌స్కీ ప్రజలు, ఓర్ఫ్ పెద్దలు

తీబ్స్ రాజవంశం కథల్లో హత్యలు, ఆత్మహత్యలు అన్నీ తెర వెనకే జరిగిపోతాయి. వాటిని విని వణికేది, మన కళ్ళెదుట చివరిదాకా నిలబడేది కోరస్. అందుకే ఈ కథల్ని సంగీతంలోకి తెచ్చిన రచన ఏదైనా సరే, నేను కథానాయకుల పాటలకంటే ముందు కోరస్‌నే పట్టించుకుంటాను. అలా పక్కపక్కన పెట్టి వినదగ్గవి ఇరవయ్యో శతాబ్దంలో రెండున్నాయి. ఒకటి ఇగోర్ స్ట్రవిన్‌స్కీ ‘ఈడిపస్ రెక్స్’ (1927), రెండోది కార్ల్ ఓర్ఫ్ ‘ఆంటిగోనె’ (1949). రెండింటికీ మూలం గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ నాటకమే, రెండింట్లోనూ మగగొంతుల కోరసే. మొదటిది తండ్రి కథ, రెండోది కూతురి కథ.

స్ట్రవిన్‌స్కీ కావాలనే మాటని మనకి అందకుండా చేశాడు. ఫ్రెంచి కవి జాఁ కొక్తో చేత నాటకం రాయించి, దాన్ని జాఁ డానియెలూ చేత లాటిన్‌లో పెట్టించాడు. ఎవరింట్లోనూ మాట్లాడని, రాయిలా గట్టిపడ్డ భాష కావాలని ఆయన పట్టు. పెళ్ళిపీటల మీద కూర్చున్నవాళ్ళకి మంత్రం అర్థం కాకపోయినా అది తమ గురించేనని తెలుస్తూనే ఉంటుంది. ఈ లాటిన్ కూడా శ్రోత మీద అలాగే పనిచేస్తుంది. పాత్రలు ముసుగులు తొడుక్కుని, తల, చేతులు తప్ప మరేమీ కదపకుండా విగ్రహాల్లా నిలబడాలని కూడా రాసిపెట్టాడు. కథ చెప్పడానికి మాత్రం ప్రేక్షకుల సొంత భాషలో మాట్లాడే వ్యాఖ్యాత ఒకడున్నాడు. జరగబోయేదంతా ముందే చెప్పేసి పోతాడు. ఈ ఏర్పాటు నాకు ఎప్పుడూ రుచించలేదు. తర్వాతి రోజుల్లో స్ట్రవిన్‌స్కీకే అది గిట్టలేదు.

ఇంత బిగించి కట్టిన రచన మొదలవగానే జరిగేది వేరు. మహమ్మారి పాలబడ్డ ఊరు రాజుని పిలుస్తుంది. కోరస్ పెద్ద కేకతో దిగి, అంతలోనే గొంతు తగ్గించి ప్రాధేయపడుతుంది. కింద టింపనీలు రెండు స్వరాల మధ్య ఆగకుండా నడుస్తూ ఉంటాయి. సోఫోక్లీస్ కోరస్‌లో ఉన్నవాళ్ళు ఊరి పెద్దలు. ఇక్కడ వినిపించేది మాత్రం చావుకి భయపడుతున్న మామూలు జనం. రాజు పేరుని ముక్కలుగా విరిచి, ఒత్తు మార్చి మార్చి పిలుస్తుంటే, ఆ భాష రాకపోయినా వాళ్ళు ఎవరి మీద ఆశ పెట్టుకున్నారో ఇట్టే తెలిసిపోతుంది. రాణి జొకాస్టా వచ్చేటప్పుడు వాళ్ళే జయజయధ్వానాలు చేస్తారు. చివరికి కళ్ళు పొడుచుకున్న రాజుని ఊరి నుంచి సాగనంపేదీ వాళ్ళే. అయితే ఆ సాగనంపడంలో కోపం లేదు. నిన్ను ప్రేమించాం, వెళ్ళిరా అన్నంత మెత్తగా పాడతారు. ఆ తర్వాత గొంతులు ఆగిపోయి, మొదట్లో విన్న టింపనీ నడక మాత్రం మిగులుతుంది. తన మనుషుల్ని రాళ్ళుగా మార్చానన్న సంగీతకారుడి చేతిలోనే ఇంత జాలి పుట్టడం ఈ రచనలోని వింత.

1927 మే 30న పారిస్‌లో దీన్ని మొదటిసారి వినిపించారు. బాలే నిర్మాత డియాగిలెవ్ రంగస్థల జీవితానికి ఇరవయ్యేళ్ళని ఇచ్చిన కానుక ఇది. నృత్యం చూడడానికి వచ్చినవాళ్ళ ముందు కదలకుండా నిలబడి లాటిన్ పాడితే ఆదరణ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. కానుక పుచ్చుకున్న డియాగిలెవ్‌కే అది మింగుడుపడలేదు.

ఓర్ఫ్ దారి పూర్తిగా ఎదురు. ‘కార్మినా బురానా’తో పేరు తెచ్చుకున్న ఈయన, కవి హోల్డర్లిన్ 1804లో అచ్చువేసిన జర్మన్ అనువాదాన్ని ఒక్క మాటైనా వదలకుండా తీసుకున్నాడు. ఆ అనువాదం వచ్చినప్పుడు చదివి నవ్వుకున్నవాళ్ళున్నారు. ఓర్ఫ్ దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. ప్రతి మాటా వినబడాలని సంగీతాన్ని లయదాకా కుదించేశాడు. వాద్యబృందంలో వయొలిన్లు లేవు. ఆరు పియానోలు, తొమ్మిది డబుల్ బేస్‌లు, హార్ప్‌లు, ట్రంపెట్లు, వీటికి తోడు గుట్టలకొద్దీ తాళవాద్యాలు. కోరస్ చాలాసేపు ఒకే స్వరం మీద నిలబడి మాటల్ని విసురుతుంది. 1949 ఆగస్టు 9న సాల్జ్‌బర్గ్‌లో, కొండరాతిని తొలిచిన పాత గుర్రపుస్వారీ బడి ఆవరణలో, ఫెరెంక్ ఫ్రిచాయ్ నిర్వహణలో ఇది మొదటిసారి ప్రదర్శనకెక్కింది. ఈ సంగీతానికి అంతకంటే తగిన చోటు దొరకదు.

ఇక్కడ చరిత్ర ఆడిన ఆట ఒకటి చెప్పుకోవాలి. 1841లో పోట్స్‌డామ్‌లో ఇదే ‘ఆంటిగోనె’కి మగగొంతుల కోరస్‌లు కట్టినవాడు మెండెల్సన్. యూదుడిగా పుట్టాడని నాజీలు ఆయన సంగీతాన్ని వెలివేసినప్పుడు, షేక్‌స్పియర్ ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’కి ఆయన కట్టిన సంగీతం స్థానంలో వేరేది రాసివ్వడానికి ఒప్పుకున్నవాళ్ళలో ఓర్ఫ్ ఒకడు. 1943లో ఆయన మిత్రుడు కుర్ట్ హూబర్‌కి, హిట్లర్‌ని ఎదిరించిన శ్వేత గులాబీ బృందంలో ఉన్నందుకు, మరణశిక్ష అమలు చేశారు. ఓర్ఫ్ ‘ఆంటిగోనె’ మీద పనిచేస్తున్న కాలం అదే. రాజాజ్ఞని ధిక్కరించిన పిల్లని చూస్తూ నోరెత్తని తీబ్స్ పెద్దలు, ఇది తెలిశాక, వేరేగా వినిపిస్తారు. అయితే ఆ బరువు సంగీతంలో ఉందా, మన మనసులోనే ఉందా అంటే, మన మనసులోనే అంటాను.

ఎందుకంటే సోఫోక్లీస్ పెద్దలు మారతారు. మొదట రాజు క్రెయాన్ మాటకి తలూపుతారు. ఆంటిగోనెని తప్పుపడుతూనే ఆమె కోసం కంటతడి పెడతారు. జోస్యుడు టైరీసియస్ కీడు హెచ్చరించి వెళ్ళాక, ఆ పిల్లని విడిపించమని రాజుకి చెప్పేదీ వాళ్ళే. ఓర్ఫ్‌లో ఆ లొంగుబాటునీ ఈ బెరుకునీ దాదాపు ఒకే దరువు మోస్తుంది. మనిషి సామర్థ్యాన్ని చూసి అబ్బురపడే ఆ మహాగానం దగ్గర, చివర్లో దయొనైసస్‌ని పిలిచే చోట, ఆ దరువు ఒళ్ళు ఝల్లుమనిపిస్తుంది. ఆ రెండు ఘట్టాల్లో ఆయనకి సాటి లేదు. మిగిలిన చోట్ల నాకు వినబడేది గుడి గంట, మనుషులు కాదు.

చావు కబురు తెచ్చే ఘట్టాలు పక్కపక్కన పెడితే తేడా ఇంకా స్పష్టమవుతుంది. స్ట్రవిన్‌స్కీలో దూత రాణి చనిపోయిందన్న వాక్యాన్ని ట్రంపెట్ల మధ్య నాలుగుసార్లు ప్రకటిస్తాడు. ప్రతిసారీ తర్వాతి వివరం కోరస్ అందుకుంటుంది. కబురు విన్నవాళ్ళే కబురు చెప్పేవాళ్ళవుతారు. ఓర్ఫ్‌లో దూత సోఫోక్లీస్ రాసిందంతా పొల్లుపోకుండా అప్పజెబుతాడు. జరిగింది మనకి పూర్తిగా తెలుస్తుంది, కోరస్‌కి ఏమైందో తెలియదు.

స్ట్రవిన్‌స్కీ పోగొట్టుకున్నదీ లేకపోలేదు. దాదాపు యాభై నిమిషాల్లో ముగించడానికి నాటకంలోని వాదాలన్నీ కత్తిరించాడు. కథ తెలియనివాడు ఆయన ఈడిపస్‌లో దారితప్పుతాడు. రెండున్నర గంటల ఓర్ఫ్‌లో ఆంటిగోనె వాదం, రాయని ధర్మాల గురించి ఆమె చెప్పే ప్రతి ముక్కా చెవిన పడుతుంది. నాటకాన్ని కాపాడినవాడు ఓర్ఫ్, కోరస్‌ని కాపాడినవాడు స్ట్రవిన్‌స్కీ. నా ఓటు స్ట్రవిన్‌స్కీకే.

వినదలచినవాళ్ళు సోఫోక్లీస్ నాటకాలు ముందు చదువుకోండి. స్ట్రవిన్‌స్కీకి 1992లో జపాన్‌లో సెయిజీ ఒజావా నిర్వహణలో, జూలీ టేమోర్ దర్శకత్వంలో జరిగిన ప్రదర్శన చిత్రం చూడండి. జొకాస్టాగా జెస్సీ నార్మన్ పాడింది. ఓర్ఫ్‌కి ఫెర్డినాండ్ లైట్నర్ నిర్వహణలో ఇంగె బోర్క్ పాడిన రికార్డింగ్ ఉంది. దాన్ని మాత్రం పాఠం చేతిలో పెట్టుకుని వినండి. లేకపోతే అరగంటకే ఆపేస్తారు.