సాక్షిశబ్దార్థ విచారము

పొన్నూరిలో వెలసిన భావనారాయణస్వామికి 'సాక్షి' యను విశేషణ మేల కలిగెనో ఆ ప్రాంతమువారికిఁ దెలియనిది కాదు. దూరస్థులగు పాఠకులకొఱకుఁ గథను సంగ్రహముగఁ జెప్పుచున్నాను. కాశీయాత్రకుఁ బోయిన గృహస్థుఁ డొకఁడు, తనకుఁ దోడువచ్చి సేవచేసిన పేద మేనల్లునకుఁ గూఁతు నిచ్చెదనని యచట దేవుని యెదుట మాట యిచ్చెను. ఇల్లు చేరిన పిమ్మట మాట తప్పెను. సాక్షి యెవరని పెద్దలడిగిరి. మనుష్యుఁ డొక్కఁడును లేఁడు. అంతట దేవుఁడే పొన్నూరికి వచ్చి సాక్ష్యము పలికెనట. ఈ కథకుఁ బాఠభేదములు కలవు. ఉత్కళదేశమున సాక్షిగోపాలుని కథయు నిట్టిదే. వంగభాషలోని చైతన్యచరితామృతమున నది విస్తరముగ నున్నది. ఏది బింబము, ఏది ప్రతిబింబము అను చర్చ యిచట వలదు.

నేఁటి విద్యార్థు లీకథపైఁ జేయు నాక్షేపము తేలికగఁ ద్రోసివేయఁదగినది కాదు. సూర్యకాంతి మనలఁ జేరుటకు 8 నిమిషములు పట్టును. ఆ సూర్యుఁడు మన పాలవెల్లిలోని 10,000 కోట్లకు మించిన నక్షత్రములలో నొకఁడు. కాంతి యా పాలవెల్లిని దాఁటుటకు లక్ష యేండ్లు పట్టును. అట్టివి లెక్కకు మించి యున్నవి. విశ్వమునకు వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరములు. 1990లో వాయేజరు నౌక 600 కోట్ల కిలోమీటర్ల దూరమునుండి వెనుదిరిగి చూడఁగా, భూమి ఛాయాచిత్రములో నొక ధూళికణమువలెఁ గనఁబడినది. ఇంతటి బ్రహ్మాండమున కధిపతియగువాఁ డొక యూరి పెండ్లి తగవునకు నడచివచ్చునా? అధిపతియే లేఁడందుమేని, ఆ పేదవాని దుఃఖమున కిందు విలువ యెంత?

మన పౌరాణికులు భక్తవాత్సల్యమను నొక్కమాటతో సమాధానము చెప్పుదురు. అది దేవుని గుణమును జెప్పినదేకాని ప్రశ్నను ముట్టుకొనలేదు. శబ్దశాస్త్రము నాశ్రయించినచో దారి కనఁబడునని నా యభిప్రాయము.

సాక్షిశబ్దమును బాణిని యైదవ యధ్యాయము రెండవపాదమున సాధించెను. ప్రత్యక్షముగఁ జూచువాఁడను నర్థమున సాక్షాత్తను నవ్యయముపై ఇని ప్రత్యయము. సూత్రమున 'సంజ్ఞయందు' అని నియమించుట యేల? ఇచ్చువాఁడు చూచును, పుచ్చుకొనువాఁడు చూచును, చెంత నిలిచినవాఁడును జూచును. మువ్వురికిని బేరు ప్రాప్తింపఁగా, ఇచ్చిపుచ్చుకొనుటలతోఁ బనిలేక దగ్గఱనుండి చూచినవానికే యది చెల్లునని వ్యాఖ్యాతలు తేల్చిరి. వారు వాడిన మాట 'ఉపద్రష్ట'. ఉప యనఁగా సమీపము. సర్వవ్యాపకుఁ డన్నియుఁ జూచుచునే యుండును. ఐనను గథలో నది చాలలేదు, రావలసివచ్చెను. ఇది కథకుని యమాయకత్వమని నవ్వువారు శబ్దార్థము మఱచినవారు.

మఱియొక విషయము. చకారాది నిపాతములు ద్యోతకములని మన సిద్ధాంతము. ఒంటిగ నిలిపిన చకారమున కర్థము చూపఁజాలము. రెండు పదముల చెంత నుంచఁగానే యవి కలిసినవని తెలుపును. నిఘంటువున వేలకొలఁది శబ్దములుండుటచేఁ జకారము నిరర్థకమగునా? పరిసరము విరివియైనకొలఁది యర్థము తఱుగునను న్యాయ మే శాస్త్రమునందును లేదు. అల్పపరిమాణమును హేతువుగఁ జూపి మనుష్యజీవితము వ్యర్థమని సాధింపఁబూనువారు తమ వ్యాప్తి నెచటఁ జూచిరో చెప్పవలెను.

గీతలోని విశ్వరూపఘట్టమునుగూర్చి యొక పొరపాటు వ్యాపించియున్నది. దానిని జూచి యర్జునుని సంశయము తీఱెనని బాలురకుఁ జెప్పుదురు. గ్రంథమట్లు లేదు. 11వ యధ్యాయమున నర్జునుఁడు భయపడెను, దిక్కులు తెలియకున్నవనెను, ఆటలయందును భోజనములయందును సఖుఁడని పిలిచినందులకు క్షమాపణ వేఁడెను. మానుషరూపము మరలఁ జూచిన పిమ్మటనే మనస్సు కుదుటఁబడెననెను. చెప్పినట్లు చేసెదనను మాట 18వ యధ్యాయమునఁగాని రాలేదు. అనంతమును గన్నులారఁ జూచినవానికిఁ గావలసివచ్చినది రథముపైఁ గూర్చున్న సారథి. 13వ యధ్యాయమునఁ బరమపురుషునకుఁ జెప్పిన పేర్లలో మొదటిది ఉపద్రష్ట యగుట గమనింపఁదగినది.

ఇఁక దేవుని నంగీకరింపనివారి మాట. సూత్రము సామీప్యమునే కోరినది. చూచువాఁడు మహత్తరుఁడు కావలెనని కోరలేదు. పొన్నూరికి ననతిదూరమున, తెనాలి ఐతానగరమున 1925లో జనించి 1978లో గతించిన ఆలూరి బైరాగి తన 'నూతిలో గొంతుకలు' కావ్యమున హేమ్లెట్టు, అర్జునుఁడు, రాస్కల్నికావు అను మువ్వురి నోటఁ దన ప్రశ్నలఁ బలికించెను. నిరాశాకవిత్వమని కొందఱు దానిని ద్రోసిపుచ్చుదురు. నా కట్లు తోఁపదు. ఆ మువ్వురికిని మూలగ్రంథములలో నొక్కొక్క ఉపద్రష్ట యున్నాఁడు. హేమ్లెట్టు చనిపోవుచు, తన కథ చెప్పుటకై బ్రతికియుండుమని హొరేషియోను వేఁడెను. రాస్కల్నికావు తన హత్యను సోన్యాయొద్ద నొప్పుకొనెను. అర్జునునకు సారథి కలఁడు. నూతిలోనివానికి మీఁది యాకాశము కనఁబడుచునే యుండును. అది యెంత విశాలమైనను వాని కేక వినదు. గట్టున నొకఁడు నిలిచి వినవలెననియే గొంతెత్తుచున్నాఁడు. ఎవ్వరును వినరని నిజముగ నమ్మినవాఁడు కావ్యము వ్రాయునా?

పొన్నూరి కథలో మాత్రము నాకు లోపముగఁ దోఁచున దొకటి కలదు. మాట యిచ్చినవాఁడు, పుచ్చుకొన్నవాఁడు, చూచినవాఁడు మువ్వురును గథలో నున్నారు. ఎవతెనుగూర్చి మాట యిచ్చిరో యా కన్యను నే నెఱిఁగిన పాఠములలో నెవ్వరును నడుగలేదు. సాక్షిగోపాలుని కథలోను నంతే. స్వామి వచ్చినది మేనల్లుని మాట నిలుపుటకు. ఆమె మాటకు ఉపద్రష్ట యెవరో యీ కథను వ్యాఖ్యానించు పండితులు చెప్పవలసియున్నది.