ఊకొట్టే శ్రోత: ప్రత్యక్ష గాన ప్రదర్శనలో ప్రేక్షకుని పాత్ర
(ఒగ్గుకథ, గద్దర్ పాట, జపాన్ పాప్ సంగీతం – తులనాత్మక పరిశీలన)

వ్యాససంగ్రహం:
అభిమాన గాయకుని పాటలన్నీ చేతిఫోనులో ఉన్న శ్రోత, ఆ గాయకుణ్ణి ప్రత్యక్షంగా చూడటానికి ఎందుకు వెళతాడు? గాయకుని సాన్నిధ్యం కోసమేనన్నది అందరూ చెప్పే సమాధానం. ఆ సమాధానం చాలదని, ప్రదర్శనలో తనకున్న పాత్రను నిర్వహించడానికే శ్రోత వెళతాడని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జపాన్ పాప్ కచేరీలను, జనగామ ప్రాంతపు ఒగ్గుకథను, 1990 నాటి గద్దర్ సభను పక్కపక్కన ఉంచి ఈ ప్రతిపాదనను పరీక్షిస్తుంది. జానపద ప్రదర్శనల సేకరణలో శ్రోతకు చోటు లేకపోవడం వల్ల కలుగుతున్న నష్టాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్రత్యక్ష ప్రదర్శన, శ్రోత, ఊకొట్టడం, వంత, ఒగ్గుకథ, చుక్క సత్తయ్య, గద్దర్, జపాన్ పాప్ సంగీతం.

1. ఉపోద్ఘాతం:
మహబూబాబాద్ జిల్లాలోని దంతాలపల్లి వంటి మండల కేంద్రంలో నేడు ఒక విద్యార్థి చేతిఫోనులో టోక్యో గాయని పాట, కొమురవెల్లి మల్లన్న కథ ఒకదాని తర్వాత ఒకటి వినిపించవచ్చు. రెండూ అదే తెర మీద, అదే చిన్న స్పీకరులో, ఆపమన్నచోట ఆగుతాయి. వినడానికి సంబంధించినంతవరకు టోక్యోకూ కొమురవెల్లికీ దూరం చెరిగిపోయింది. చూడటానికి వెళ్ళవలసి వచ్చినప్పుడే ఆ రెండింటి మధ్య తేడా తెలుస్తుంది. టోక్యో కచేరీకి టికెట్టు, విమానం, వీసా కావాలి. ఒగ్గుకథకు ఒక చాప చాలు.

ఈ తేడా ఖర్చుకు మాత్రమే సంబంధించినది కాదు. కచేరీకి వెళ్ళినవాడు అక్కడ ఏం చేస్తాడు, అతను రాకపోతే ప్రదర్శనలో ఏది తగ్గుతుంది అన్నవి సాహిత్య విమర్శ అడగవలసిన ప్రశ్నలు. తెలుగులో జానపద కళల అధ్యయనం కథకుణ్ణి, కథను, వాద్యాన్ని, వేషాన్ని విస్తృతంగా చర్చించింది. ఎదురుగా కూర్చున్నవాణ్ణి మాత్రం 'జనం', 'ప్రేక్షకులు' అనే ఒక్క మాటతో దాటవేసింది.

ఈ ప్రాంతానికి ప్రదర్శనలను గమనించి రాసే సంప్రదాయం కొత్తది కాదు. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర' పర్వత ప్రకరణంలో శ్రీశైల యాత్రికులను, వారు పాడే పదాలను, ఆడే ఆటలను వర్ణించాడు. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు వంటి పేర్లు నేటికీ మనకు తెలుస్తున్నాయంటే ఆ కావ్యమే ముఖ్యమైన ఆధారం. ఆ వర్ణనలో పాడేవారూ యాత్రికులే, వినేవారూ యాత్రికులే. పాటను గుంపు నుంచి విడదీసి చూడాలన్న ఆలోచన సోమనాథునికి కలగలేదు.

2. 'ప్రత్యక్షం' అన్న భావన:
వాల్టర్ బెంజమిన్ 1936లో వెలువడిన తన ప్రసిద్ధ వ్యాసంలో, యాంత్రికంగా ప్రతులు తీయగలిగిన కాలంలో మూలకళాఖండానికి ఉండే 'ఇక్కడే, ఇప్పుడే' అన్న ప్రత్యేకత క్షీణిస్తుందని వాదించాడు. ఫిలిప్ ఆస్లాండర్ 1999లో ప్రచురించిన 'లైవ్‌నెస్' గ్రంథంలో మరో కోణం చూపాడు. రికార్డు పుట్టిన తర్వాతే 'ప్రత్యక్షం' అనే విభాగం పుట్టిందని, అంతకుముందు ప్రదర్శన అంతా ప్రత్యక్షమే కాబట్టి ఆ మాటకు అవసరమే లేదని ఆయన వాదన.

ఈ రెండు సిద్ధాంతాలూ కళాఖండానికీ దాని ప్రతికీ ఉన్న సంబంధాన్నే ప్రధానంగా చూస్తాయి. శ్రోత వాటిలో అనుభవించేవాడే తప్ప చేసేవాడు కాడు. తెలుగు కథన సంప్రదాయంలో ఒక చిన్న ఆచారం ఈ లోటును పూరించగలదు. అది ఊకొట్టడం.

పిల్లవాడికి కథ చెప్పే అవ్వ, వాడు 'ఊఁ' అనకపోతే కథ ఆపుతుంది. నిద్రపోయాడని ఆమెకు తెలుస్తుంది. 'ఊఁ' అంటే విన్నాను, అర్థమైంది, ముందుకు నడిపించు అని మూడు మాటలు. అది మెచ్చుకోలు కాదు, కథ సాగడానికి అవసరమైన షరతు. దాన్ని బట్టే అవ్వ వేగం పెంచుతుంది, తగ్గిస్తుంది, చెప్పిన ఘట్టాన్ని మళ్ళీ చెబుతుంది. ఈ వ్యాసంలో 'ఊకొట్టడం' అంటే ప్రదర్శన గమనాన్ని మార్చగల శ్రోత చర్య అని గ్రహించాలి. చప్పట్లన్నీ ఊకొట్టడం కావు. పాట అయిపోయాక కొట్టే చప్పట్లు తీర్పు మాత్రమే.

3. దేహం లేని గాయని:
జపాన్‌లో ఊకొట్టడానికి పాత సంప్రదాయమే ఉంది. కబుకీ నాటకంలో నటుడు కీలక భంగిమలో నిలిచే క్షణంలో, ప్రేక్షకుల్లోని అనుభవజ్ఞులు అతని కళావంశపు పేరును బిగ్గరగా పలుకుతారు. దీన్ని 'కకేగోఎ' అంటారు. క్షణం ముందు పలికినా, క్షణం తర్వాత పలికినా తప్పే. జనరంజక నాటకశాలల్లో కాగితంలో చుట్టిన డబ్బును వేదిక మీదికి విసిరే ఆచారమూ ఉండేది. నేటి పాప్ కచేరీల్లో అభిమానులు చరణాల మధ్య పలికే సామూహిక నినాదాలు, గాయనికి కేటాయించిన రంగులో ఊపే వెలుగు కర్రలు ఈ అలవాటుకు దగ్గరగా ఉన్నాయి. అభిమానులు వీటిని ముందే నేర్చుకుని వెళతారు. రికార్డు వారికి పాటను ఇవ్వడమే కాక, కచేరీలో తాము చేయవలసినదానికి అభ్యాసాన్ని కూడా ఇస్తుంది.

దీనికి తిరుగులేని ఉదాహరణ హాత్సునే మికు. 2007 ఆగస్టులో సప్పొరో నగరంలోని క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా సంస్థ విడుదల చేసిన గాన సాఫ్ట్‌వేర్ పేరు అది. యమహా సంస్థ వోకలాయిడ్ పరిజ్ఞానం మీద, నటి ఫుజిటా సాకి స్వరాన్ని ఆధారం చేసుకుని దాన్ని రూపొందించారు. నీలి జడల బొమ్మ రూపం తప్ప ఆ గాయనికి దేహం లేదు. అయినా 2010 మార్చిలో టోక్యోలో ఆమె పేరిట కచేరీ జరిగింది. తెరమీద బొమ్మ పాడుతుంటే పక్కన మనుషులు వాద్యాలు వాయించారు, ఎదురుగా వేలమంది వెలుగు కర్రలు ఊపారు.

ప్రత్యక్షతకు గాయకుని దేహమే మూలమైతే ఇది కచేరీ కాకూడదు. కచేరీ అయిందంటే అందుకు కారణం శ్రోతలు. 2020 తర్వాత కొంతకాలం, కరోనా నియమాల వల్ల జపాన్ కచేరీల్లో గొంతెత్తి అరవడాన్ని నిషేధించారు. వేదిక మీద గాయకులు ఉన్నారు, ఎదురుగా అభిమానులూ ఉన్నారు, లేనిది శ్రోత గొంతు ఒక్కటే. ఆ కచేరీలకు ఏదో వెలితి ఏర్పడిందంటే, శ్రోత గొంతు అప్పటివరకు పాటలో భాగంగా ఉండేదన్నమాట.

4. ఒగ్గుకథ: వేదిక మీదికి ఎక్కిన 'ఊఁ':
ఒగ్గు అంటే శివుని డమరుకాన్ని పోలిన వాద్యం. కురుమ కులానికి చెందిన ఒగ్గు పూజారులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను డోలు, తాళాలు, నపీర వంటి వాద్యాలతో గానం చేస్తారు. మల్లన్న కొలుపులో ముగ్గులతో పట్నం వేసి దేవుని పెళ్ళి జరిపించే తంతుకు ఈ కథ అనుబంధం. ఈ కళను ఆచారపు పరిధి నుంచి సభావేదికలకు తీసుకెళ్ళిన వారిలో చుక్క సత్తయ్య (1935–2017) అగ్రగణ్యుడు. జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలోని మాణిక్యాపురం ఆయన ఊరు. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం ఆయనను వరించింది.

ఒగ్గుకథలో ప్రధాన కథకుని పక్కన వంతలు ఉంటారు. వారు పల్లవి అందుకుంటారు, కథకుణ్ణి ప్రశ్నిస్తారు, ఆశ్చర్యపోతారు, మధ్యలో హాస్యమాడతారు. వంత పాత్రను సాధారణంగా 'సహాయ గాయకుడు' అని నిర్వచిస్తారు. ఆ నిర్వచనం అసంపూర్ణం. 'అయితే ఆ తల్లి ఏమన్నది?' అని వంత అడిగే తరహా ప్రశ్న నిజానికి చాప మీద కూర్చున్నవారి ప్రశ్న. వంత అంటే శ్రోతల నుంచి వేదిక మీదికి వెళ్ళిన ప్రతినిధి. అవ్వ కథలో పిల్లవాడి 'ఊఁ' ఇక్కడ ఒక పాత్రగా మారింది.

ప్రతినిధి ఉన్నంత మాత్రాన శ్రోతల పని తీరిపోదు. కథ మధ్యలో ఎవరో కట్నం చదివిస్తారు. కథకుడు కథ ఆపి దాత పేరు, ఇంటిపేరు, ఊరు పలికి దీవించి, ఆపినచోటు నుంచి ఎత్తుకుంటాడు. కొందరు తమకిష్టమైన ఘట్టాన్ని సాగదీయమంటారు. ఎల్లమ్మ కథ వింటూ ఒకామెకు పూనకం వస్తే డోలు దరువు ఆమె వైపు తిరుగుతుంది. ఇవన్నీ కథకు అంతరాయాలుగా కనిపిస్తాయి. కానీ ఆ రాత్రి కథ ఎంతసేపు సాగాలో, ఎక్కడ నిలవాలో నిర్ణయించేవి ఇవే. ఒకే కథకుడు ఒకే కథను రెండు ఊళ్ళలో చెబితే రెండు కథలు కావడానికి సగం కారణం కథకుని ప్రతిభ, మిగిలిన సగం ఆ ఊళ్ళు.

5. గొంతు ముందు, మనిషి తర్వాత:
మికుకు దేహం లేదు. 1985–90 మధ్య గద్దర్ దేహం జనానికి కనిపించలేదు. కారంచేడు ఘటన తర్వాత అజ్ఞాతంలోకి వెళ్ళిన ఆయన 1990లో బయటికి వచ్చారు. ఈ ఐదేళ్ళలో జన నాట్య మండలి పాటలు క్యాసెట్ల ద్వారా పల్లెలను చేరాయి. ఒక తరం యువకులకు ఆయన ముందుగా గొంతుగానే పరిచయం. 1990లో హైదరాబాద్ నిజాం కళాశాల మైదానంలో జరిగిన సభకు వచ్చిన జనంలో, ఆ పాటలను అప్పటికే కంఠస్థం చేసినవారు ఎందరో ఉన్నారు.

కొత్త పాట వినడమే వారి ఉద్దేశమైతే అంత దూరం రానక్కరలేదు. క్యాసెట్టులోని పల్లవికి తిరిగి పలికే వీలు ఇంట్లో ఉంది, కానీ ఆ పలుకు ఎవరికీ వినబడదు. మైదానంలో అది గాయకునికి వినబడుతుంది, పక్కవానికీ వినబడుతుంది. గొంగడి, గజ్జెలు, చేతికర్రతో వేదిక మీద ఆడుతూ, పాట మధ్యలో ఆగి మాట్లాడి, జనం స్పందనను బట్టి మళ్ళీ పాటలోకి వెళ్ళడం గద్దర్ పద్ధతి. మాటకూ పాటకూ మధ్య ఆ విరామాలు జనం కోసం వదిలిన ఖాళీలు. క్యాసెట్టులో అవి ఖాళీలు మాత్రమే. మైదానంలో అవి నిండుతాయి. అక్కడ ఊకొట్టడం అంటే ఒక రాజకీయ విశ్వాసానికి బహిరంగంగా సాక్ష్యం పలకడం. పోలీసుల నిఘా ఉన్న కాలంలో ఆ సాక్ష్యానికి వెల ఉంది.

6. మూడు రకాల పాత్రలు:
పై మూడు సందర్భాల్లో శ్రోతకు పాత్ర ఉంది కానీ ఆ పాత్ర దక్కే తీరు ఒకటి కాదు. ఈ భేదాన్ని విస్మరిస్తే శ్రోతను ఆదర్శీకరించినట్లవుతుంది.

జపాన్ అభిమాని తన పాత్రను కొనుక్కుంటాడు. 2005లో అకిహబారాలో చిన్న నాటకశాలతో మొదలైన ఏకేబీ48 బృందం 'వెళ్ళి కలవగల తారలు' అన్న భావనను ప్రచారం చేసింది. తర్వాత సీడీలతో పాటు కరచాలనం చేసే అవకాశాన్ని, గాయనుల స్థానాలను నిర్ణయించే ఓటును కూడా అమ్మింది. ఎక్కువ సీడీలు కొన్నవానికి ఎక్కువ ఓట్లు. అక్కడ సాన్నిధ్యం ఒక సరుకు.

ఆశ్రిత కళారూపాల్లో శ్రోత పాత్ర పుట్టుకతో వస్తుంది. చిందు కళాకారులకు మాదిగలు పోషకులు. ఏ ఊళ్ళో ఏ బృందం ఆడాలన్నది మిరాశీ హక్కు. జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానంలో కృషికి 2024లో పద్మశ్రీ లభించింది. ఆ గౌరవం కళకు అందిన గుర్తింపే. అయితే ఆ కళను నిలబెట్టిన మిరాశీ వ్యవస్థ కులవ్యవస్థలో భాగమన్న సంగతిని మరచిపోరాదు. పోషకునికి ప్రశ్నించే అధికారం ఉన్నచోట కళాకారునికి నిరాకరించే స్వేచ్ఛ తక్కువ.

గద్దర్ సభకు వచ్చినవాని పాత్ర ఎంచుకున్నది. టికెట్టు లేదు, వంశహక్కు లేదు. అయితే గుంపు ఏకగ్రీవంగా పలికేచోట విడిగా పలకడం కష్టం. ఊకొట్టడానికి స్వేచ్ఛ ఉన్నంతగా, ఊకొట్టకుండా ఉండటానికి అక్కడ స్వేచ్ఛ ఉందా అన్నది అడగవలసిన ప్రశ్నే.

7. సేకరణలో లేని శ్రోత:
అలెన్ డండెస్ 1964లోనే జానపద విశ్లేషణకు పాఠం, అల్లిక, సందర్భం అనే మూడూ అవసరమని చెప్పాడు. విశ్వవిద్యాలయాల్లో ఈ సూత్రాన్ని బోధిస్తున్నారు. ఆచరణలో సందర్భం అంటే ప్రదర్శన జరిగిన ఊరు, తేదీ, పండుగ పేరు అన్న వివరాలకే పరిమితమవుతోంది. కెమెరా కథకుని మీదే ఉంటుంది. కట్నాల చదివింపులను కత్తిరిస్తారు. పిల్లల ఏడుపు, ముసలివారి వ్యాఖ్యలు 'రొద'గా తొలగిపోతాయి. రాత్రంతా సాగవలసిన కథను ఉత్సవ వేదిక మీద పదిహేను నిమిషాలకు కుదించినప్పుడు, వంత అడిగే ప్రశ్నలు మిగులుతాయి కానీ ఆ ప్రశ్నలు ఎవరివో ఆ ప్రజలు ఎదుట ఉండరు. నిలువు కుర్చీల్లో కూర్చున్న అతిథులకు ఎక్కడ ఊకొట్టాలో తెలియదు. వారు చివర్లో చప్పట్లు కొడతారు.

రికార్డులే లేకపోతే ఇంతకాలం చెప్పిన కథలు ఏమయ్యేవన్న అభ్యంతరం న్యాయమైనదే. చుక్క సత్తయ్య గొంతు నేటికీ వినబడుతోందంటే అది రికార్డుల పుణ్యమే. ఈ వ్యాసం రికార్డును తిరస్కరించడం లేదు, దాని పరిధిని పెంచమంటోంది. రెండో కెమెరా చాప వైపు ఉండాలి. ఎవరు ఎప్పుడు నవ్వారు, ఏ ఘట్టాన్ని మళ్ళీ చెప్పమన్నారు, కట్నం ఏ సన్నివేశం దగ్గర వచ్చింది, కథకుడు దేనికి స్పందించి దారి మార్చాడు అన్న వివరాలు పాఠంతో సమానంగా నమోదు కావాలి. ప్రచురణలో అవి అధస్సూచికల్లో కాక పాఠంలోనే కనబడాలి. ఊకొట్టడం తెలిసిన తరం వెళ్ళిపోతే, కథకులు మిగిలినా కథ ఎలా నడిచేదో చెప్పగలవారు ఉండరు.

8. ముగింపు:
ప్రత్యక్ష ప్రదర్శనను రికార్డుకు మరింత స్పష్టమైన రూపంగా చూడటం పొరపాటు. ధ్వని నాణ్యతలో, దృశ్య స్పష్టతలో రికార్డే చాలాసార్లు మెరుగు. ప్రత్యక్ష ప్రదర్శన ఇచ్చేది శ్రోతకు ఒక పని. దేహం లేని గాయని ఎదుట జపాన్ యువత, అజ్ఞాతం వీడిన గాయకుని ఎదుట తెలంగాణ జనం, ఒగ్గు పూజారి ఎదుట మల్లన్న భక్తులు చేసినది ఆ పనే. ఆ పనిని ఒకచోట డబ్బు, ఒకచోట కులం, ఒకచోట విశ్వాసం నియంత్రిస్తున్నాయి. ఆ నియంత్రణలను గుర్తిస్తూనే శ్రోత చర్యను పాఠంలో భాగంగా చదవడం తెలుగు జానపద విమర్శ ముందున్న కర్తవ్యం. కథకుల పేర్లు, బిరుదులు, పురస్కారాలు నమోదు చేసుకున్నాం. ఎవరి 'ఊఁ' విని వారు కథను ముందుకు నడిపారో నమోదు చేయడం మిగిలి ఉంది.