ఒక్క ఆవేశం తగ్గితే

అరచేతిలో పట్టే సెల్యులోజ్ ఎసిటేట్ పట్టీ అది. దాన్ని బఫర్‌లో నానబెట్టి, ఎక్కువ తడిని అద్దుడు కాగితంతో తీసేస్తారు. రక్తంలోని ఎర్రకణాలను కడిగి, పగలగొట్టి తీసిన హిమోగ్లోబిన్ ద్రావణాన్ని రుణధ్రువం వైపు అంచు దగ్గర సన్నని గీతలా పెడతారు. కరెంటు పారుతుండగా ఆ గీత ధనధ్రువం వైపు నడుస్తుంది. మామూలు హిమోగ్లోబిన్ 'ఎ' ముందుంటుంది, సికిల్‌సెల్ జబ్బుకు కారణమైన 'ఎస్' వెనకబడుతుంది. రెండూ ఉన్నవారి రక్తం రెండు గీతలుగా విడిపోతుంది.

ఆ బఫర్ పీహెచ్ 8.6. పనితనమంతా ఈ అంకెలోనే ఉంది. ప్రొటీన్‌లో ఆవేశం మోసేవి కొన్ని ఎమైనో ఆమ్లాలే. ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాల పక్కగొలుసులు పీహెచ్ 4 చుట్టుపక్కలే ప్రోటాన్ వదిలేసి రుణావేశం తెచ్చుకుంటాయి. లైసీన్, ఆర్జినీన్‌లు మాత్రం పీహెచ్ 10 దాకా ధనావేశాన్ని పట్టుకునే ఉంటాయి. హిస్టిడీన్ పీహెచ్ 6 దగ్గర అటూ ఇటూ ఊగుతుంది, 8.6కు వచ్చేసరికి దాదాపు తటస్థమైపోతుంది. హిమోగ్లోబిన్ నికర ఆవేశం సున్నా అయ్యేది పీహెచ్ 7 దరిదాపుల్లో. కాబట్టి 8.6 దగ్గర అన్ని రకాల హిమోగ్లోబిన్లకూ రుణావేశమే మిగులుతుంది. అన్నీ ఒకే దిక్కుకు కదులుతాయి, తేడా వేగంలో తేలుతుంది.

ఈ తేడాను మొదట చూపింది 1949లో పాలింగ్, ఇటానో, సింగర్, వెల్స్. జబ్బు మూలం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని వాళ్లు తేల్చారు. ఆ అణువులో ఎక్కడుందో వెతికింది కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇన్‌గ్రామ్. ఆయన పద్ధతి నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. హిమోగ్లోబిన్‌ను ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో కోశాడు. అది లైసీన్, ఆర్జినీన్‌ల తర్వాతే గొలుసు తెంపుతుంది, అంటే కోత కూడా ఎమైనో ఆమ్లాల గుణాన్ని బట్టే పడుతుంది. వచ్చిన ముక్కలను కాగితం మీద ఒక దిక్కున కరెంటుతో, దానికి అడ్డంగా ద్రావకంతో నడిపాడు. మొదటిది ఆవేశాన్ని చూస్తుంది, రెండోది నీటి మీద మక్కువను. 'ఎ'తో పోలిస్తే 'ఎస్' మచ్చల్లో ఒక్కటే చోటు మారింది. అది బీటా గొలుసు మొదటి ఎనిమిది ఎమైనో ఆమ్లాల ముక్క. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ ఉంది. అణువుకు రెండు బీటా గొలుసులు గనక, 574 ఎమైనో ఆమ్లాల్లో పోయింది రెండు రుణావేశాలు. పట్టీ మీద గీత వెనకబడటానికి అవే చాలు.

ప్రొటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే ఎస్‌డీఎస్ జెల్‌లో ఈ తేడా కనబడదు. ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ప్రొటీన్ సొంత ఆవేశాన్ని కప్పేస్తుంది. పదహారు వేల డాల్టన్లకు దగ్గరగా ఉన్న గొలుసులో ముప్పై తగ్గితే జెల్ ఏం పట్టుకుంటుంది?

ఆవేశాన్ని చూసే పట్టీకీ హద్దుంది. హిమోగ్లోబిన్ 'డి' పంజాబ్ రకంలో బీటా గొలుసు 121వ స్థానపు గ్లుటామిక్ ఆమ్లం గ్లుటమిన్‌గా మారుతుంది. అక్కడా పోయేది ఒక్కో గొలుసుకు ఒక ఆవేశమే కాబట్టి 'డి', 'ఎస్' కలిసి నడుస్తాయి. అప్పుడు ఆమ్ల పీహెచ్‌లో సిట్రేట్ అగార్ మీద మళ్లీ నడుపుతారు. అక్కడ అగార్‌లోని రుణావేశ పదార్థం కూడా హిమోగ్లోబిన్‌ను పట్టి లాగుతుంది. అందుకే 'డి' వెళ్లి 'ఎ'తో కలుస్తుంది, 'ఎస్' ఒంటరిగా బయటపడుతుంది.

వాలీన్ నీటిని దూరం పెట్టే రకం. ఆక్సిజన్ పోయినప్పుడు అది పక్క అణువులోని ఫినైల్‌అలనీన్, లూసీన్‌ల గుంటలో ఒదిగి, అణువులను పోగులుగా కడుతుంది. ద్రావణీయత పరీక్ష దీని మీదే నడుస్తుంది: గాఢ ఫాస్ఫేట్ ద్రావణంలో 'ఎస్' కరగక, గొట్టం వెనక పెట్టిన కాగితం మీది గీతలు మసకబారతాయి. ఇది చవక, సులువు. కానీ తల్లి లేదా తండ్రి ఒక్కరి నుంచే లోపం అందుకున్న వాహకుడికీ, జబ్బు ఉన్నవారికీ తేడా చెప్పదు.

2023లో మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. ద్రావణీయత పరీక్ష మీ ఇంట్లో ఎవరికైనా పాజిటివ్ వస్తే, ఆ ఒక్క మాటతో ఆగకండి. ఎలెక్ట్రోఫోరెసిస్ (పైన చెప్పిన పట్టీ పరీక్ష) లేదా హిమోగ్లోబిన్ రకాలను విడదీసే హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు అడిగి తీసుకుని, డాక్టరుతో చదివించుకోండి.