అట్టపెట్టె మీద లేని అంకె

చీర కొనేటప్పుడు మనందరం చేసే పని ఒకటుంది. కొట్లో దీపాల కింద ఎంత బాగా కనిపించినా సరే, “ఒక్కసారి బయట వెలుతుర్లో చూస్తామండీ” అని మడత విప్పిన చీరని గుమ్మం దాకా పట్టుకెళతాం. కొట్లో కుర్రాడు మొహం చిట్లించినా లెక్కచెయ్యం. మా అమ్మమ్మ చేసింది, మా అమ్మ చేసింది, నేనూ చేస్తాను. లోపల నెమలికంఠం అనుకున్నది ఎండలో వట్టి నీలమై కూర్చుంటుందని మనకి ఏ పుస్తకమూ చెప్పలేదు. చీరలే నేర్పాయి.

ఇంత తెలివైనవాళ్లం, ముప్ఫై అయిదు వేలు పోసి లాప్‌టాప్ కొనేటప్పుడు మాత్రం ఆ తెలివిని చీరల కొట్లోనే మర్చిపోయి వస్తామెందుకో!

మా వదిన విజయవాడలో ఇంట్లోంచే మంగళగిరి చీరలు అమ్ముతుంది. ఫోటోలు తీసి, వాటిని సరిచేసి, అడిగినవాళ్లకి పంపిస్తుంది. ఫోనులో ఆ పనంతా చేసి మెడ పట్టేస్తోందని పోయిన సంవత్సరం ఓ లాప్‌టాప్ కొనుక్కుంది. మూడో నెలలో నాకు ఫోన్ చేసింది. గొంతు బాగులేదు.

“వదినా, నన్ను మోసగత్తెనంటున్నారు.”

జరిగిందిదీ. కనకాంబరం రంగు చీర ఒకటి ఆ తెర మీద వెలవెలబోయి కనిపించింది. చీర చూస్తే ఎదురుగా మంచం మీద నిండుగా మెరుస్తోంది. ఫోటో సరిగా రాలేదు కాబోలనుకుని, పాపం, తెర మీద రంగు చీర రంగుతో కలిసేదాకా పెంచింది. ఆ ఫోటో హైదరాబాదులో ఒకావిడ ఫోనులో నిప్పుకణికలా వెలిగింది. ఆవిడ ముచ్చటపడి డబ్బు పంపింది. తీరా చీర చేతికొచ్చాక, ఇది ఫోటోలో చీర కాదని తిప్పి పంపేసింది. అలా ఒకటి కాదు, ఆ నెలలో అయిదు చీరలు వెనక్కొచ్చాయి. అబద్ధమాడింది తెర. మాట పడింది మా వదిన.

నేను నవలలు రాసుకునేదాన్ని. కంప్యూటరు విప్పి చూపిస్తే ఏది ఏమిటో చెప్పలేను. అయితే ఒక రచన చేతికిస్తే రచయిత ఏం చెప్పాడో, ఏది చెప్పకుండా దాటేశాడో పట్టుకోవడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. అందుకని ఆ లాప్‌టాప్ ప్రకటననీ, అట్టపెట్టెనీ ముందేసుకుని ఒక రచనని చదివినట్టే చదివాను.

కథానాయకుడు ప్రాసెసర్. పేరుతో సహా స్టిక్కరు కూడా ఉంది. పక్కన 8 జి.బి. ర్యామ్, 512 జి.బి. ఎస్.ఎస్.డి. అన్నీ అంకెలే. మరి తెర సంగతి? అక్కడికొచ్చేసరికి రచయిత ఉన్నట్టుండి కవి అయిపోయాడు. సజీవమైన రంగులట, కళ్లకి హాయట, అంచులే లేని అనుభూతట! నాయిక అందాన్ని సన్నివేశంలో చూపించలేని నవలాకారుడు ‘అపురూప సౌందర్యరాశి’ అని రాసి చేతులు దులుపుకుంటాడు చూడండి, అచ్చం అలాగే. సరుకున్నచోట అంకెలు, లేనిచోట విశేషణాలు.

తెర గురించి ఉన్న ఒక్క అంకె ‘ఫుల్ హెచ్.డి.’. అంటే అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080. మొత్తం ఇరవై లక్షల డెబ్బై మూడు వేల పైచిలుకు. పాత చవక రకాల్లో పదిన్నర లక్షలుండేవి కాబట్టి ఇది మెరుగే, కాదనను. కాకపోతే చుక్కలెన్నో చెప్పడం చీరలో పోగులెన్నో చెప్పడంలాంటిది. రంగు మాట అందులో ఎక్కడుంది?

ఆ మాట కంపెనీవారి సైటులో, వివరాల పట్టిక అడుగున దొరికింది: ‘45 శాతం ఎన్.టి.ఎస్.సి.’, ‘250 నిట్స్’. ఎన్.టి.ఎస్.సి. అన్నది 1953లో అమెరికావాళ్లు కలర్ టెలివిజన్ కోసం పెట్టుకున్న కొలత. ఇవాళ మనం పంపుకునే ఫోటోలకి మామూలుగా వాడే కొలత వేరు. దాని పేరు ఎస్.ఆర్.జి.బి., 1996లో వచ్చింది. ఆ 45ని ఈ కొలతలోకి మారిస్తే 63 దాకా వస్తుంది. అంటే ఫోటోలో ఉండాల్సిన రంగుల్లో మూడో వంతుకి పైగా ఈ తెర పలకలేదన్నమాట. ముందు పోయేవి నిండు రంగులు. ఎరుపూ, కనకాంబరమూ, చిలకపచ్చా. మంగళగిరి చీరల్లో అవి తీసేస్తే ఇంకేం మిగులుతుంది చెప్పండి?

ఇక నిట్ అంటే వెలుగు కొలత. చదరపు మీటరు మేర ఒక కొవ్వొత్తిపాటి వెలుగు అనుకుంటే దాదాపు సరిపోతుంది. 250 అంటే తలుపులేసుకున్న గదిలో ఫరవాలేదు. కిటికీ పక్కన కూర్చుంటే తెరలో చీర బదులు మన మొహమే కనిపిస్తుంది.

‘ఐ.పి.ఎస్.’ అని కూడా రాశారు. ఎంతయినా ఆ మూడక్షరాలూ చూస్తే మనకి పోలీసు అధికారి గుర్తొచ్చి గౌరవం కలుగుతుంది. ఆ రకం తెరని పక్కనుంచి చూసినా రంగు తిరగబడదు. అదీ మంచి గుణమే. కానీ రంగులెన్ని పలుకుతుందన్న దానికి ఆ అక్షరాలు హామీ కావు. మా వదినది ఐ.పి.ఎస్.సే.

అట్టపెట్టె మీద బొమ్మలో మాత్రం తెరనిండా రంగుల పక్షి రెక్కలు విప్పి ఎగురుతోంది. దాని కింద చీమ తలకాయంత అక్షరాలు. కళ్లజోడు పెట్టుకుని చదివాను. తెర మీది దృశ్యం అనుకరణ మాత్రమేనట! ఆ రచన మొత్తానికి నిజాయితీగల వాక్యం అదొక్కటే.

ఎందుకిలా అంటే కారణం బ్రహ్మవిద్యేం కాదు. ధర ఒక గీత దాటకూడదు. ఎక్కడో కొయ్యాలి. ప్రాసెసర్లో కోస్తే పక్క కంపెనీ స్టిక్కరు పక్కన తేలిపోతుంది. ర్యామ్‌లో కోస్తే అంకె తగ్గుతుంది. తెరలో కోస్తే ఏ అంకె తగ్గుతుంది? అట్టపెట్టె మీద లేనే లేని అంకె! మనం అడగనిచోటే కత్తెర పడుతుంది. రోజూ ఏడెనిమిది గంటలు మన కళ్లు ఆనుకుని ఉండేది ప్రాసెసర్ మీద కాదు, తెర మీద. అయినా అడగం.

తక్కువ ధరకి తక్కువ సరుకివ్వడం తప్పంటే నేను ఒప్పుకోను. చవక లాప్‌టాప్ ఎంతమంది పిల్లల చదువు నిలబెట్టిందో 2020లో బళ్లు మూతపడ్డప్పుడు అందరం చూశాం. ఉత్తరాలు రాసుకునేవాళ్లకీ, లెక్కలు వేసుకునేవాళ్లకీ ఈ తెర చాలు. నా నవలకీ చాలు. నలుపు అక్షరానికి కనకాంబరంతో పనేముంది? కానీ చెప్పి అమ్మాలి. “అమ్మా, ఇది కలనేత పట్టు, అసలు పట్టు కాదు” అని చెప్పి అమ్మే కొట్టుకి మళ్లీ వెళతాం. పట్టుకి 2004 నుంచి సిల్క్ మార్క్ ఉంది కదా, తెరకీ అట్టపెట్టె మీద రెండంకెలు రాస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?

వాళ్లు రాసేదాకా మనం అడుగుదాం. రంగుల శాతం ఎంత? నిట్స్ ఎన్ని? ఎస్.ఆర్.జి.బి. నూటికి నూరుకి దగ్గరగా, నిట్స్ మూడొందలకి అటూ ఇటూ ఉంటే రంగులతో పనిచేసేవాళ్లకి ధైర్యం. షోరూములో వాళ్లు వేసే వీడియో చూసి మురిసిపోకండి. మీ ఫోనులో మీకు బాగా తెలిసిన చీర ఫోటో ఒకటి పట్టుకెళ్లి, ఆ తెర మీద వేయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

మా వదిన ఇప్పుడు రంగులు మళ్లీ ఫోనులోనే సరిచూసుకుంటోంది. లాప్‌టాప్ లెక్కలకి వాడుతోంది. ఆ అయిదుగురికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పింది. ముగ్గురు మళ్లీ కొన్నారు. మొన్న వాళ్లబ్బాయికి లాప్‌టాప్ కావాలంటే ఇద్దరం కలిసి వెళ్లాం. సేల్స్ కుర్రాడు ప్రాసెసర్ గురించి అనర్గళంగా చెప్పుకుపోతున్నాడు. మా వదిన అంతా ఓపిగ్గా విని, కొంగు దోపుకుని, తెరిచి ఉన్న ఓ లాప్‌టాప్‌ని రెండు చేతులా ఎత్తుకుంది.

“బాబూ, ఒక్కసారి గుమ్మం దగ్గర వెలుతుర్లో చూస్తాం.”